పెర్సీ జాక్సన్: సినిమానా, సిరీసా?

పిల్లలు ‘ద లైట్నింగ్ థీఫ్’ చదవడం పూర్తి చేశారు, ఇప్పుడు సినిమా చూపించాలా, సిరీస్ చూపించాలా? గ్రీకు దేవుడికి పుట్టిన పెర్సీ జాక్సన్ అనే కుర్రాడు, దేవతల రాజు జ్యూస్ పిడుగును ఎవరు దొంగిలించారో వెతుకుతూ వెళ్లే కథ అది. ఈ వేసవిలో నన్ను ఇలా అడిగినవాళ్లు అరడజను మంది ఉంటారు. జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పడం ఎందుకని, నేనూ ఇద్దరు మిత్రులూ రెండు ఆదివారాలు కేటాయించి రెండూ మళ్లీ చూశాం. పదకొండేళ్ల మా మేనకోడలు పిలవకుండానే వచ్చి మధ్యలో కూర్చుంది. పుస్తకం తనకు దాదాపు కంఠతా వచ్చు కాబట్టి ఎవరూ కాదనలేకపోయాం.

మిత్రుల్లో ఒకడిది మొదటినుంచీ సినిమా పక్షం. 2010లో క్రిస్ కొలంబస్ తీసిన ఆ సినిమా రెండు గంటల్లో ముగుస్తుంది, ఎక్కడా నత్తనడక ఉండదు, కళ్లలోకి చూసినవాళ్లను రాయిగా మార్చేసే మెడూసాగా ఉమా థర్మన్ తెరమీదికి రాగానే ఒళ్లు జలదరిస్తుంది. ఇవన్నీ నిజమే. 2023 డిసెంబరులో డిస్నీ ప్లస్‌లో మొదలైన సిరీస్ ఎనిమిది భాగాలు. అందులో కొన్ని భాగాలు సాగుతాయి, రాత్రి సన్నివేశాలైతే టీవీ వెలుతురు పెంచుకుంటే తప్ప కనిపించవు. ఇంతవరకు సినిమాదే పైచేయి.

నా లెక్క వేరు. పుస్తకానికి ఎంత కట్టుబడ్డారన్నది నాకు రెండో విషయం. మొదటిది కథానాయకుడి వయసు. పుస్తకంలో పెర్సీకి పన్నెండేళ్లు. సినిమాలో పదహారు చేశారు. వయసు పెంచవద్దని రచయిత రిక్ రియోర్డాన్ ముందే నిర్మాతలకు రాశాడు, ఆ ఉత్తరాలను తర్వాత ఆయనే బయటపెట్టాడు కూడా. నాలుగేళ్లే కదా అనిపిస్తుంది. కానీ పాతాళానికి వెళ్లి అమ్మను తెచ్చుకుంటానని పన్నెండేళ్లవాడు అంటే గుండె పట్టేస్తుంది, పదహారేళ్లవాడు అంటే అది మామూలు సాహసం. లోగన్ లెర్మన్ మంచి నటుడే, అయితే కత్తి పట్టిన కాసేపటికే ఆరితేరినవాడిలా కనిపిస్తాడు. సిరీస్‌లోని వాకర్ స్కోబెల్ షూటింగ్ నాటికి పదమూడు పద్నాలుగేళ్లవాడు. అతడికి కోపం వస్తే గొంతు వణుకుతుంది. అతడి పక్కన స్నేహితుడు గ్రోవర్‌గా ఆర్యన్ సింహాద్రి ఉన్నాడు. పేరు తెరమీద పడగానే మా మిత్రుడు లేచి కూర్చున్నాడు, అది వేరే సంగతి.

వయసు ఎంత ముఖ్యమో, తెలియనితనమూ అంతే. ఇక్కడ సిరీస్ తడబడింది. పుస్తకంలో ముగ్గురు పిల్లలూ ఆకలితో ఒక దుకాణంలోకి వెళతారు. ముసుగు వేసుకున్న ఆమె బర్గర్లు పెడుతుంది, నిద్ర ముంచుకొస్తుంది, ఫొటో తీస్తాను నిలబడండి అంటుంది. చుట్టూ రాతిబొమ్మలు. చదివేవాళ్లకు విషయం అర్థమైపోతుంది, పెర్సీకి కాదు. బంగారు లేడి మారీచుడని హరికథ వినడానికి వచ్చిన వాళ్లందరికీ తెలుసు, లక్ష్మణుడు నోరు తెరిచి చెప్పనే చెప్పాడు, అయినా సీత అడిగింది కాబట్టే కథ నడిచింది. సిరీస్‌లో మాత్రం పిల్లలు గుమ్మంలోనే ఈమె మెడూసా అని గుర్తుపట్టేస్తారు. మేనకోడలు ఊరుకోలేదు. “మామయ్యా, వీళ్లకు అన్నీ ముందే తెలిసిపోతున్నాయి. పుస్తకం వీళ్లు కూడా చదివారా ఏమిటి?”

అన్యాయమైపోయినదాన్ని నేనే అంటూ మెడూసా తన గోడు చెప్పుకోవడం సిరీస్ కొత్తగా చేర్చిన మంచి ఘట్టం. కానీ ఆ గోడుకు భయం బలైంది. ఈ ఒక్క చోట సినిమాకే నా ఓటు: ఐపాడ్ వెనుక మెరిసే వైపును అద్దంలా పట్టుకుని పెర్సీ ఆమె నీడను చూస్తూ అడుగులు వేసే ఘట్టంలో ఊపిరి బిగబట్టాం.

అయినా మొత్తం మీద నేను సిరీస్ వైపే మొగ్గుతాను. కారణం పునాది. మొదటి సినిమా కథలో యుద్ధదేవుడు ఏరీజ్‌కు చెప్పుకోదగ్గ పాత్ర లేదు, దొంగను తెర వెనుక నుంచి ఆడించాల్సిన, జ్యూస్ తండ్రి క్రోనస్ లేడు. దొంగ ఎవరో తెలుస్తాడు కానీ అతడి వెనుక ఎవరున్నారన్న ప్రశ్నే పుట్టదు. మెట్లు కట్టకుండా మేడ లేపినట్టయింది. 2013లో రెండో సినిమాలో క్రోనస్‌ను తెచ్చి అతికించబోయారు, అంతటితో ఆ వరుస ఆగిపోయింది. సిరీస్‌లో కలల్లో వినిపించే గొంతు మొదటినుంచీ ఉంది, సముద్రపు ఒడ్డున ఏరీజ్‌తో పోరు ఉంది. 2025 డిసెంబరులో రెండో సీజన్ వచ్చింది కాబట్టి పిల్లలు మధ్యలో ఆగాల్సిన పనీ లేదు.

‘గోల్డెన్ కంపాస్’ గురించి కూడా కొందరు అడిగారు. 2007 సినిమా పుస్తకం ముగింపునే కోసేసింది, అదే పుస్తకంతో 2019లో మొదలైన ‘హిజ్ డార్క్ మెటీరియల్స్’ సిరీస్ మూడు సీజన్లలో కథను ఆఖరివరకు చెప్పింది. అక్కడ పోటీయే లేదు. హ్యారీ పాటర్ సినిమాలు ఎలాగూ అందరూ చూసేశారు.

కాబట్టి సిరీస్ చూపించండి, తర్వాత ఏదో ఒక సాయంత్రం సినిమాలోని మెడూసా ఘట్టం వరకు పెట్టండి. మా ఇంట్లో అలాగే చేస్తే మేనకోడలు అక్కడే ఆపించి అడిగింది: “మామయ్యా, ఆ ఫోను ఏ కంపెనీది?” ఫోను కాదమ్మా, పాటలు వినే పెట్టె అన్నాను. “మరి దాంతో మాట్లాడటం కుదరదా?” కుదరదన్నాను. మెడూసాను వదిలేసి కాసేపు నావైపే జాలిగా చూసింది.