నల్లగొండ ఎండల్లో ద్రవ ఎమల్షన్

సీసాలోని ఎమల్షన్‌ను, అంటే వెలుతురుకు స్పందించే ఫొటో పూతను, వేడినీళ్ల గిన్నెలో కరిగించి, ఎర్రదీపపు వెలుతురులో మందపాటి కాగితం మీద కుంచెతో పూసి, ఆరిన తరువాత ఫొటో ప్రింట్లు తీసే పనిని కొన్నేళ్లుగా నల్లగొండలోని మా ఇంట్లోనే చేస్తున్నాను. కుంచె జాడలతో సహా తేలే ఆ నలుపు బజారులో దొరికే కాగితం మీద నాకు కనబడలేదు. అయినా ఈ సరుకు గడ్డకట్టే తీరు మీద నాకు తీరని కోపం ఉంది.

1871లో ఇంగ్లండు వైద్యుడు రిచర్డ్ లీచ్ మాడొక్స్ వెలుతురుకు స్పందించే వెండి బ్రోమైడ్‌ను జెలటిన్‌లో కలిపినప్పటి నుంచీ దీని గుణం ఒక్కటే: వేడికి కరుగుతుంది, చల్లదనానికి గడ్డకడుతుంది. వేసవిలో మా డార్క్‌రూమ్ రాత్రిపూట కూడా 33 డిగ్రీలకు దిగదు కనుక పూత గడ్డకట్టక, వాలున్న వైపుకు జారి అంచున పేరుకుంటుంది.

ఒక ఏప్రిల్‌లో పానగల్లు పచ్చల సోమేశ్వరాలయపు స్తంభాల నెగటివ్‌తో తీసిన ప్రింటు బొమ్మను తేల్చే డెవలపర్‌లోనూ, దాన్ని స్థిరపరిచే ఫిక్సర్‌లోనూ ఎంతో చక్కగా నిలిచింది. ఇంటిపై ట్యాంకు నుంచి వచ్చే నీటిలో కడగడం మొదలుపెట్టాక మాత్రం అంచులు ముడతలు పడి, మధ్యలో బొబ్బలు లేచి, చివరకు స్తంభం మొత్తం పాల మీది మీగడలా కాగితం నుంచి ఊడి ట్రేలో తేలింది. అమ్మిన దుకాణదారు పూత పలుచగా వేయమన్నాడు. వేసినా అదే జరిగింది. చల్లని ద్రావణాల నుంచి ఒక్కసారిగా వేడినీటిలోకి వెళ్లిన జెలటిన్ ఉబ్బి పట్టు వదులుతుంది గనుక, పూత మందానికి ఇందులో పాత్ర తక్కువ. ఇప్పుడు పటిక కలిపిన, జెలటిన్‌ను గట్టిపరిచే ఫిక్సర్ వాడి, రంజన్లలో చల్లార్చిన నీటితో కడుగుతున్నాను. దీనివల్ల ప్రింట్లు నిలుస్తున్నాయి గానీ, కడిగే సమయం బాగా పెరిగింది.

ఏ ఉపరితలం మీదనైనా పూయవచ్చన్న మాట కూడా షరతులతోనే నిజం. గాజుకు ముందు జెలటిన్ అస్తరు పూత కావాలి. తాండూరు బండ సున్నపురాయి కావడం వల్ల, దానిమీద వార్నిష్ లేని చోట డెవలపర్ పనిని ఆపే ఆమ్లపు స్టాప్‌బాత్ తగిలితే నురగ పుట్టి పూతను లేపేస్తుంది. అక్కడ నేను మామూలు నీటినే వాడతాను.

ఏసీ గది, చల్లని నీరు ఉన్నవారికి నా ఫిర్యాదు వర్తించకపోవచ్చు. నాకు మాత్రం ఇది నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పనికొచ్చే సరుకు. మూత తీసి పలుమార్లు కరిగించిన సీసాలోని ఎమల్షన్‌తో తీసిన ప్రింట్లలో క్రమంగా వెలుతురు తగలని చోట కూడా బూడిదరంగు మసక (ఫాగ్) వస్తుంది కనుక, ధర కాస్త ఎక్కువ పడినా చిన్న సీసాలే కొని, ఫ్రిజ్‌లో గడ్డకట్టని అరలో ఉంచుతున్నాను.