గేరు వేయగానే ఆఫ్ అయ్యే బండి: మొదటి 150 సీసీ మీద ఒక ఫిర్యాదు

మైలేజీ, పికప్, రంగుల సంగతి ఇక్కడ ఉండదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న 150 సీసీ బండ్లు ఆ లెక్కల్లో అటూ ఇటూగా ఒకటే. వెనక టైరు అరిగి మార్చేంత కాలం నడిపాక నాకు గట్టిగా చెప్పాలనిపించేది ఒక్క భాగం గురించే. అది సైడ్ స్టాండ్ మొదట్లో బొటనవేలంత ఉండే స్విచ్. కొత్తవాళ్ల ప్రాణం కాపాడడానికి పెట్టిన ఈ స్విచ్చే వాళ్ల ప్రాణాలు తోడేస్తుంది.

ముందు మంచి మాటలు చెప్పాలి. సీటు ఎత్తు తక్కువ, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనుతాయి. నేర్చుకునే రోజుల్లో ఇంతకు మించిన ధైర్యం ఇంకోటి ఉండదు. క్లచ్ రెండు వేళ్లతో నొక్కొచ్చు, ట్రాఫిక్‌లో ఎంతసేపు ఇరుక్కున్నా ఎడమ చేయి లాగదు. బ్రేకులకు వంక పెట్టడానికేం లేదు.

ఇక అసలు గొడవ. స్టాండ్ వేసి ఉండగా గేరు పడితే ఇంజన్ ఆగిపోవాలి, స్విచ్ ఉన్నది అందుకే. స్టాండ్ తీయడం మరిచి బయల్దేరితే ఎడమ మలుపులో బండి వాలినప్పుడు స్టాండ్ కొన నేలకు తన్ని బండిని ఎత్తి పడేస్తుంది. కాబట్టి ఉద్దేశంతో పేచీ లేదు. పేచీ అంతా అమరికతోనే. ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్, మూడు చోట్ల నుంచి కబురు తీసుకుంటుంది: న్యూట్రల్ స్విచ్, క్లచ్ లివర్ దగ్గరి స్విచ్, స్టాండ్ స్విచ్. న్యూట్రల్‌లో ఉంటే స్టాండ్ ఎలా ఉన్నా ఇంజన్ నడుస్తుంది. గేరులో ఉంటే మాత్రం స్టాండ్ పైకి ఉందని స్విచ్ చెప్పాలి. ఈ బండిలో స్విచ్‌కి మట్టి పట్టినా, వైరు తెగినా, కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) ఊడినా ఈసీయూకి అర్థమయ్యేది ఒకటే, స్టాండ్ కింద ఉందని.

కొత్తగా నడిపేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. గేరు వేస్తే ఇంజన్ ఆఫ్ అయిందంటే, క్లచ్ సరిగ్గా వదల్లేదేమో అని ముందు తమనే అనుమానించుకుంటారు. మళ్లీ సెల్ఫ్, మళ్లీ గేరు, మళ్లీ ఆఫ్. వెనకనుంచి హారన్లు. అలా నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టేసరికి బ్యాటరీ కూడా నీరసిస్తుంది, ఒక సమస్య కాస్తా రెండవుతుంది. సెల్ఫ్‌ని ఒకసారికి అయిదు సెకన్లకు మించి నొక్కకూడదు, మళ్లీ నొక్కే ముందు కనీసం పది సెకన్లు ఆగాలి.

తప్పు చేతిదా స్విచ్‌దా అన్నది ఇంజన్ ఏ క్షణంలో ఆగిందో చూస్తే తెలిసిపోతుంది. క్లచ్ పూర్తిగా నొక్కి ఉంచి, కాలితో మొదటి గేరు వేయండి. 'టక్' మన్న ఆ క్షణంలోనే, లివర్ ఇంకా చేతిలో ఉండగానే, బండి కొంచెం కూడా కదలకుండా ఇంజన్ చప్పున ఆగిపోతే అది స్విచ్. గేరు పడగానే బండి ముందుకు కుదిపి ఆగితే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు, కేబుల్ లూజు ఎక్కువైంది. గేరు పడ్డాక ఇంజన్ బాగానే ఉండి, లివర్ వదులుతుంటే వణికి ఆగితేనే అది చేతి తప్పు. అప్పుడు యాక్సిలరేటర్ కొద్దిగా ఇచ్చి లివర్ ఇంకా నెమ్మదిగా వదలాలి. ఈ తేడా షోరూమ్‌లో చెప్పరు. బండి ఇచ్చే రోజు స్వీట్ బాక్సు బదులు ఇది చెప్పినా సరిపోయేది.

మీటర్లో స్టాండ్ గుర్తు విడిగా ఉంటే పని ఇంకా తేలిక. స్టాండ్ పైకి లేపినా గుర్తు వెలుగుతూనే ఉంటే దొంగ దొరికినట్టే. నా బండిలో ఆ గుర్తు ఉంది కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో చేయి అడ్డం పెట్టుకుని చూడాలి.

ఇంత త్వరగా మట్టి ఎందుకు పడుతుందంటే, సగం కారణం ముందు టైరు చిమ్మే బురద, సగం కారణం మన శ్రద్ధే. చాలా బండ్లలో చైన్ ఎడమ పక్కనే ఉంటుంది, స్టాండూ ఎడమ పక్కనే. చైన్‌కి లూబ్ ధారగా పోసి వెంటనే బయల్దేరితే, ముందు స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) దగ్గర చిమ్మిన నూనె స్టాండ్ మీదికీ చేరుతుంది. దానిమీద దుమ్ము పడి నల్లటి ముద్దలా గట్టిపడుతుంది. స్టాండ్ కదలికతో లోపలికీ బయటికీ ఆడాల్సిన స్విచ్ పుల్ల ఆ ముద్దలో ఇరుక్కుని బయటికి రాదు. లూబ్‌ని చైన్ లోపలి వైపు, రోలర్ల మీద పలుచగా వేసి, కాసేపు ఆగి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేయాలి. మెరుస్తూ తడిగా కనిపించే చైన్ అంటే అది ఎక్కువైన చైన్.

శుభ్రం చేయడానికి పాత టూత్ బ్రష్, గుడ్డ, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే చాలు. బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి, తాళంచెవి బయటికి తీసేసి, స్విచ్ చుట్టూ ఉన్న ముద్దని పొడిగానే గీకేయండి. ముందే నీళ్లు కొడితే అది లోపలికి పోతుంది. తర్వాత క్లీనర్ కొట్టి, స్టాండ్‌ని ఇరవై సార్లు పైకీ కిందికీ ఆడించండి, మళ్లీ ఒకసారి కొట్టి ఆరనివ్వండి. గ్రీజు స్టాండ్ బోల్టుకి మాత్రమే, అదీ పలుచగా. స్విచ్ మీద గ్రీజు పడితే మళ్లీ మొదటికే వస్తుంది. వాటర్ సర్వీసులో ప్రెజర్ గన్ ఆ మూలకి పట్టొద్దని నిలబడి చెప్పాలి, లేకపోతే వాళ్లు ముందు అక్కడే కొడతారు.

గుంతల్లో మాత్రమే ఆగి ఆగి నడుస్తుంటే స్విచ్‌ని తిట్టే ముందు స్ప్రింగ్ చూడండి. సాగిపోయిన స్ప్రింగ్ వల్ల స్టాండ్ కుదుపుకి కిందికి జారుతుంది, అప్పుడు స్విచ్ తన పని తాను చేసినట్టే. బోల్టు దగ్గర ఆట ఉందో లేదో స్టాండ్‌ని పక్కకి ఊపి చూడాలి. బండి సైడ్ స్టాండ్ మీద ఉండగా దానిపై ఎక్కి కూర్చుని కబుర్లు చెప్పే అలవాటుంటే ఆ బోల్టు, బ్రాకెట్ త్వరగా వదులవుతాయి. స్టాండ్ పక్కకి జరిగితే స్విచ్ పుల్ల దానికి సరిగ్గా అందదు.

అంతా శుభ్రంగా ఉన్నా ఆగుతోందంటే మల్టీమీటర్ (వైర్లలో కరెంటు దారి ఉందో లేదో చూసే మీటరు) కావాలి. రెండు వైర్ల స్విచ్ అయితే కప్లర్ విప్పి బీప్ మోడ్‌లో చూడండి. ఎక్కువ బండ్లలో స్టాండ్ పైకి ఉంటే బీప్ రావాలి, కింద ఉంటే రాకూడదు. మూడు వైర్లుంటే అది సెన్సర్ రకం కావచ్చు, దానికి ఈ పరీక్ష పనికిరాదు.

చాలామంది మెకానిక్‌లు చూపే దారి వేరు. రెండు వైర్లు కలిపి టేపు చుట్టేసి 'ఇంక గొడవ లేదు' అంటారు. పదేళ్లుగా నడిపేవాళ్ల కాలు స్టాండ్‌ని అదే తీస్తుంది కాబట్టి వాళ్లకు చెల్లుతుందేమో. స్టాండ్ తీశామా లేదా అని ఇంకా ఆలోచించాల్సిన దశలో ఉన్నవాళ్లకు నేనైతే వద్దంటాను. దారిలో ఇరుక్కుపోతే ఇంటిదాకా సరే, మర్నాడే కొత్త స్విచ్ వేయించాలి. మూడు వైర్ల రకంలో అలా కలపడానికి పోతే షార్ట్ అయ్యే ప్రమాదం కూడా ఉంది. సెకండ్ హ్యాండ్ బండి చూసేటప్పుడు ఇదే తిప్పి వాడుకోవచ్చు: సెంటర్ స్టాండ్ మీద పెట్టి, సైడ్ స్టాండ్ దించి, న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, క్లచ్ నొక్కి గేరు వేయండి. స్విచ్ ఉన్న మోడల్ అయ్యుండి కూడా ఆగకపోతే ఎవరో వైర్లు కలిపి ఉండొచ్చు. ఇంకా ఎక్కడెక్కడ టేపు చుట్టారో చూడాల్సిందే.

క్లచ్ తేలిక అన్నాను కదా, అది కేబుల్ కొత్తగా ఉన్నంతవరకే. వాన తిన్నాక కేబుల్ బిగుస్తుంది, లూజు మారుతుంది. లివర్ కొన దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట ఉండాలని చాలా మాన్యువల్స్ చెబుతాయి, నెలకోసారైనా చూసుకోవాలి. సీటు ఎత్తు తక్కువన్న సుఖానికీ ఖరీదుంది: వెనక మనిషి ఉంటే పెద్ద స్పీడ్ బ్రేకర్ల మీద ఇంజన్ అడుగు గీసుకుంటుంది.

ఒంటరిగా, ఎక్కువగా తారు రోడ్ల మీద, నీడలో పార్క్ చేసుకుని నడిపే నాలాంటి పొట్టివాళ్లకు మొదటి బండిగా ఇది ఇప్పటికీ మంచిదే అంటాను. రోజూ బురద దారి తొక్కేవాళ్లు మాత్రం కొనే ముందు ఎడమ పక్కన గొంతుక్కూర్చుని స్విచ్ ఎక్కడుందో చూడండి. బోల్టు వెనకాల, మీద మూతతో ఉంటే పర్వాలేదు. ముందు టైరుకి ఎదురుగా తెరిచి ఉండి, కప్లర్ చేతికి అందాలంటే ప్యానెల్ విప్పాల్సి వస్తే ఇంకో మోడల్ కూడా చూడండి. సెంటర్ స్టాండ్ లేని బండి అయితే, ఆ మూల శుభ్రం చేయాలన్నా బండి పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి.