ఒక్క పేజీల ఇరవై కాంపోనెంట్లు: దేనికదే రూటా, అన్నిటికి ఒకటే రూటా? ఏది మేలు?

మన హన్మకొండ, వరంగల్ దిక్కు ఫ్రీలాన్స్ చేసేటోళ్లకు కొత్త సైట్ల కంటే ఎన్నడో పీహెచ్‌పీల రాసిపెట్టినదాన్ని "జర మంచిగ చేసియ్యి అన్నా" అనే పనులే ఎక్కువ తగులుతయ్. కొత్తవాడ దర్రీలు (2018ల జీఐ ట్యాగ్ వచ్చినయ్) అమ్మే షాపు పేజీ ఒకటి అనుకోన్రి. ఇరవై దర్రీలు, ఒక్కోదానికి సైజు డ్రాప్‌డౌన్, కార్ట్ బటన్, మీద మూలకు కార్ట్ లెక్క. ఒక్కో దర్రీని చూపే కార్డు కాంపోనెంట్ (మళ్ల మళ్ల వాడుకునే ముక్క) రియాక్ట్ (జావాస్క్రిప్ట్ లైబ్రరీ)ల ఒక్కసారే రాస్తం, కనబడాల్సింది మాత్రం ఇరవై చోట్ల, మరి పేజీకి ఎట్ల తగిలియ్యాలె?

అందరు ముందు పట్టేది దేనికదే రూట్ (రూట్ అంటే రియాక్ట్‌ను పేజీల ఒక డివ్‌కు తగిలిచ్చే చోటు). పీహెచ్‌పీ ఖాళీ డివ్‌లు ఇస్తది, వాటి మీద డేటా ఆట్రిబ్యూట్లల్ల పేరు, రేటు ఉంటయ్, మనం క్వెరీ సెలెక్టర్ ఆల్ తోని అన్నిటిని పట్టుకొని లూప్‌ల ఒక్కోదానికి క్రియేట్ రూట్ కొడ్తం. ఇక్కడ కొత్త పిల్లలు అన్ని డివ్‌లకు ఒకటే ఐడీ పెట్టి గెట్ ఎలిమెంట్ బై ఐడీ వాడ్తరు, మొదటి కార్డొక్కటే కనబడ్తది, మిగతా అంత ఖాళీ, కన్సోల్‌ల ఎర్ర లైను కూడ రాదు. క్లాస్ పెట్టాలె. వ్యూ (Vue, రియాక్ట్ లాంటిదే ఇంకోటి)ల కూడ ఇదే కథ, మౌంట్‌కు సెలెక్టర్ ఇస్తె మొదట దొరికినదాన్నే పట్టుకుంటది.

దీంట్ల లాభం ఏందంటే ఒక కార్డు రెండర్‌ల ఎర్రర్ వచ్చి పోయినా పక్క కార్డులకు ఏం కాదు. అదే ఒక్క రూట్ అయితే, రియాక్ట్ 16 నుంచి, ఎర్రర్ బౌండరీ (ఎర్రర్‌ను అక్కడికక్కడే ఆపే కాంపోనెంట్) పెట్టకపోతే ఆ రూట్ కింది మొత్తం ట్రీనే లేపేస్తది, పేజీ తెల్లగయితది. నష్టం మాత్రం కార్ట్ కాడ బయటపడ్తది. కాంటెక్స్ట్ (కింది కాంపోనెంట్లన్నిటికి డేటా అందించే రియాక్ట్ పద్ధతి) ఒక రూట్‌ల నుంచి ఇంకో రూట్‌లకు పోదు, కార్డుల బటన్ నొక్కితె మీద లెక్క మారాలంటే స్టోర్‌ను (కార్ట్ డేటా దాచే చోటును) రియాక్ట్ బయట పెట్టుకొని యూజ్ సింక్ ఎక్స్‌టర్నల్ స్టోర్ అనే రియాక్ట్ హుక్ తోనో జుస్టాండ్ లైబ్రరీ తోనో కలపాలె. ఇంకోటి, పాత జేక్వెరీ కోడ్ ఏదన్న ఆ డివ్‌ను తీసేస్తె రూట్ అన్‌మౌంట్ కాదు, లోపల టైమర్ ఉంటె అది నడుస్తనే ఉంటది.

వెబ్ కాంపోనెంట్లు (బ్రౌజరే నడిపే మన సొంత హెచ్‌టీఎంఎల్ ట్యాగులు) అంటరా, పేర్ల హైఫన్ పెట్టి ఒక్కసారి రిజిస్టర్ చేస్తె చాలు, తర్వాత "ఇంకా చూపించు" నొక్కితె వచ్చిన కార్డులను కూడ బ్రౌజరే లేపుతది, లూప్ పని లేదు. కానీ షాడో డామ్ (బయటి స్టైళ్లు లోపలికి తగలకుండ వేరు చేసేది) పెడితె పాత బూట్‌స్ట్రాప్ క్లాసులు లోపలికి రావు, ఆట్రిబ్యూట్లల్ల స్ట్రింగులే పోతయ్. ఒకటే కార్డు నాలుగు వేరువేరు సైట్లల్ల పెట్టేదుంటె ఇదే మంచిగుంటది, ఒక్క షాపుకు ఎందుకీ లొల్లి.

నా ఓటు మాత్రం ఒక్క రూట్, దానికి పోర్టల్స్. రూట్ ఒక మూలకు డివ్‌ల ఉంటది, కార్ట్ కాంటెక్స్ట్ అండ్లనే, అక్కడి నుంచి క్రియేట్ పోర్టల్ తోని ఒక్కో ముక్కను పీహెచ్‌పీ ఇచ్చిన డివ్‌లకు పంపుతం. డామ్ (పేజీల ట్యాగుల చెట్టు)ల ఎక్కడున్నా రియాక్ట్ లెక్కల అన్ని ఒక్క ఇంటి పిల్లలే, కాంటెక్స్ట్ అందుతది. చాలమంది చూడని సంగతి ఒకటుంది, క్రియేట్ రూట్ రెండర్ చేసినప్పుడు ఆ డివ్‌ల ముందే ఉన్నదాన్ని తుడిచేస్తది, పోర్టల్ తుడవదు, ఉన్నదాని కింద కలుపుతది. డివ్‌ల "లోడ్ అయితాంది" అని రాసిపెడితె అది అట్లనే మిగులుతది, చిరాకే. కానీ ఇదే మనకు పనికొస్తది కూడ: దర్రీ ఫోటో, పేరు, రేటు పీహెచ్‌పీనే ఇయ్యనియ్యి, రియాక్ట్‌తోని డ్రాప్‌డౌన్, బటన్ మాత్రమే కలుపు. నర్సంపేట దిక్కు సిగ్నల్ సరిగ లేని ఫోన్‌ల జావాస్క్రిప్ట్ ఆలస్యమైనా సరుకు ముందే కనబడ్తది. ఒక్కో పోర్టల్ చుట్టు ఎర్రర్ బౌండరీ పెడితె తెల్ల పేజీ భయం కూడ పోతది. కొత్త కార్డులు అజాక్స్‌తోని (పేజీ రీలోడ్ కాకుండ) వస్తె మాత్రం డివ్‌ల లిస్టును స్టేట్‌ల మనమే పెంచాలె, అది ఆటోమేటిక్ కాదు.

పేజీల ఉన్నవి ఒకదాంతోని ఒకదానికి సంబంధం లేనివయితే, అంటే ఒకటి వాట్సాప్ ఎంక్వయిరీ ఫామ్, ఇంకోటి ఫోటో స్లైడర్ అయితే, పోర్టల్ దాకా పోకున్రి, రెండు క్రియేట్ రూట్లు రాసి బిల్లు పంపున్రి.