టైమ్ అవుటా, పక్కన కూర్చోవడమా: ఏది మేలు?

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు వైపు తెలుగువాళ్ల ఇళ్లల్లో తరచూ జరిగేదే. నాలుగేళ్ల పిల్లాడు చెల్లిని కొరుకుతాడు, అమ్మ టైమ్ అవుట్ అంటూ కుర్చీలో కూర్చోబెడుతుంది, ఊరి నుంచి వచ్చిన నాయనమ్మ "పసివాడమ్మా, వాడికేం తెలుసు" అని వెంటనే ఎత్తేసుకుంటుంది. మధ్యలో అలా ఎత్తుకుంటే ఏ పద్ధతీ పనిచేయదు.

1960ల్లో ఆర్థర్ స్టాట్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు తన కూతురి విషయంలోనే టైమ్ అవుట్‌ని వాడారు. తప్పు చేసిన వెంటనే ఆట, బొమ్మలు, మన పలకరింపు కాసేపు ఆగిపోతాయి, అంతే. ఏడాది వయసుకి ఒక నిమిషం అని చాలామంది లెక్క, అంటే నాలుగేళ్లవాడికి నాలుగు నిమిషాలు చాలు. ముందు ఒకసారి హెచ్చరించాలి, అయిపోయాక ఉపన్యాసం లేకుండా మళ్లీ ఆటలోకి పంపాలి. బాత్రూమ్‌లో పెట్టి గడియ వేయడం, లైట్ ఆర్పేయడం దీని కిందకి రావు, అవి పిల్లల్ని భయపెట్టడమే.

రెండోది పిల్లల పక్కనే కూర్చుని, కోపం చల్లారేదాకా ఉండి, తర్వాత మాట్లాడటం. వేరుగా కూర్చోబెడితే తనని వద్దనుకున్నారని బిడ్డకి అనిపిస్తుందని 2014లో డేనియల్ సీగెల్, టీనా పేన్ బ్రైసన్ అనే అమెరికన్ మానసిక నిపుణులు వాదించారు. నిద్ర చాలక, ఆకలేసి, భయపడి గుక్కపెట్టి ఏడ్చే బిడ్డ విషయంలో నేనూ ఇదే అంటాను, అప్పుడు కుర్చీ ఎక్కించడం అన్యాయం. రెండేళ్లలోపు వాళ్లకి టైమ్ అవుట్ ఊసే వద్దు.

కానీ కావాలనే కొట్టడం, కొరకడం, చెప్పి చెప్పి అలసిపోయినా వినకపోవడం లాంటివి ఉంటే నా ఓటు టైమ్ అవుట్‌కే, ఎందుకంటే కొరికిన ప్రతిసారీ అమ్మ ఒళ్లో కూర్చుని కబుర్లు దొరికితే కొరకడమే లాభసాటి అవుతుంది. దెబ్బ వేయడం కంటే ఎన్నో రెట్లు నయం కూడా, అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018లో దెబ్బలు అసలు వద్దని గట్టిగా చెప్పింది.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. మామూలప్పుడు మన ధ్యాస దొరుకుతుంటేనే అది కాసేపు ఆగినప్పుడు బిడ్డకి తెలుస్తుంది. ఇద్దరూ ఆఫీసు నుంచి ట్రాఫిక్‌లో పడి ఎనిమిదింటికి ఇల్లు చేరి, ఫోన్ పట్టుకుని కూర్చుంటే, పిల్లాడికి ఆ కుర్చీకీ హాలుకీ తేడా ఏముంటుంది? ముందు ఫోన్ పక్కన పెట్టి రోజూ కాసేపు వాడితో ఆడండి, బుద్ధిగా ఉన్నప్పుడు పైకి మెచ్చుకోండి, టైమ్ అవుట్ సంగతి ఆ తర్వాత చూద్దాం. నాయనమ్మకీ, ఆయాకీ కూడా రూల్ ముందే చెప్పండి. ప్రీస్కూల్లో చేర్చేటప్పుడు అల్లరి చేస్తే ఏం చేస్తారో అడగండి, గదిలో ఒంటరిగా ఉంచుతామంటే అక్కడ చేర్చొద్దు.