ప్రొజెక్టర్‌తో ఐదేళ్లు: బొమ్మ చెడితే ముందు మెనూ తెరవండి, సౌండ్ పోతే ముందు జాక్ పీకి చూడండి

కాకినాడలో మా ఇంటి హాల్లో సీలింగ్‌కి బిగించి ఉన్నది ల్యాంపుతో నడిచే 1080పి (1920 × 1080 చుక్కల బొమ్మ) డీఎల్‌పీ (చిట్టి అద్దాల చిప్‌తో బొమ్మ వేసే రకం) ప్రొజెక్టర్. కొని ఐదేళ్లు దాటింది. వంద అంగుళాల తెర, ఒక ఆంప్లిఫయర్, రెండు స్పీకర్లు, టీవీ స్టిక్ (ఇంటర్నెట్ సినిమాలు చూపించే చిన్న పరికరం), కేబుల్ సెట్‌టాప్ బాక్స్, అప్పుడప్పుడు ల్యాప్‌టాప్. సినిమాలు, క్రికెట్, పిల్లల పాఠాలు అన్నీ దీని మీదే. కొన్న వారంలో రాసే రివ్యూల్లో బొమ్మ ఎంత బాగుందో ఉంటుంది కానీ, రెండో ఏడు నుంచి ఏం మొదలవుతుందో ఉండదు. నేను రాసేది ఆ సంగతులే. కంపెనీ పేరు చెప్పడం లేదు. ఈ రకం ప్రొజెక్టర్లు ఏవి కొన్నా దాదాపు ఇవే తిప్పలు ఉంటాయి.

ఇన్నేళ్లలో వచ్చిన ఇబ్బందుల్లో నిజంగా ప్రొజెక్టర్ లోపలివి రెండే. ఒకటి ల్యాంపు, రెండోది చిప్. మిగతావన్నీ వైర్లోనో, సెట్టింగులోనో, కరెంటులోనో, ఇంటి గాల్లోనో తేలాయి. అందుకే సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లే ముందు ఒక చిన్న పరీక్ష చేయమని అందరికీ చెబుతుంటాను. రిమోట్‌లో మెనూ బటన్ నొక్కండి. ఆ మెనూని ప్రొజెక్టర్ తనే సొంతంగా తయారుచేసుకుని చూపిస్తుంది. బయటి నుంచి వచ్చే సిగ్నల్‌తో దానికి పని లేదు. చుక్కలు, గీతలు, రంగు తేడా మెనూ మీద కూడా కనిపిస్తే లోపం ప్రొజెక్టర్‌లో ఉంది. మెనూ శుభ్రంగా ఉండి వెనక సినిమా మాత్రమే పాడై కనిపిస్తే వైరు, స్టిక్, సెట్టింగులు చూడాలి. సౌండ్‌కి కూడా ఇలాంటి పరీక్షే ఉంది. ఆంప్లిఫయర్‌కి వెళ్లే 3.5 ఎంఎం జాక్‌ని ప్రొజెక్టర్ నుంచి పీకి ఫోన్‌కి పెట్టి పాట వేయండి. పాట బాగా వినిపిస్తే ఆంప్లిఫయర్, స్పీకర్ల జోలికి వెళ్లక్కర్లేదు.

ఈ మెనూ పరీక్షే మొదట్లో మాకు పెద్ద ఖర్చు తప్పించింది. చీకటి సీన్లలో తెరంతా తెల్లటి మెరుపు చుక్కలు మినుకుమినుకుమనేవి. ఉన్నట్టుండి రెండు సెకన్లు తెర నల్లబడి మళ్లీ బొమ్మ వచ్చేది. ఫోన్‌లో వివరం విన్న మెకానిక్ బోర్డు పోయిందన్నాడు. మెనూ తెరిస్తే అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, వాటి మీద ఒక్క చుక్క లేదు. స్టిక్ సెట్టింగుల్లో 1080పి నుంచి 720పికి (తక్కువ చుక్కల బొమ్మకి) తగ్గించగానే వెనక ఉన్న చుక్కలూ పోయాయి. అంటే గోడ పైపులో వేసిన 10 మీటర్ల హెచ్‌డీఎంఐ వైరు (బొమ్మనీ సౌండ్‌నీ కలిపి మోసేది) ఆ వేగాన్ని మోయలేకపోతోంది. సెకనుకు 60 ఫ్రేముల దగ్గర 1080పి సిగ్నల్ 720పికి సరిగ్గా రెట్టింపు వేగంతో వెళ్తుంది. అనుమానం పూర్తిగా తీరడానికి స్టిక్‌ని నేరుగా ప్రొజెక్టర్ వెనక గుచ్చి చూశాం, బొమ్మ అద్దంలా ఉంది. ఆ రాగి వైరు తీసేసి ఆప్టికల్ (గాజు ఫైబర్ గుండా వెలుగుతో సిగ్నల్ పంపే) హెచ్‌డీఎంఐ వైరు వేయించాక మళ్లీ ఆ బాధ లేదు. ఒక్క జాగ్రత్త: ఈ ఆప్టికల్ వైర్లు ఒక వైపే పనిచేస్తాయి. ఒక కొస మీద సోర్స్ అని, ఇంకో కొస మీద డిస్‌ప్లే అని రాసి ఉంటుంది. పైపులోకి తోసేముందు నేల మీదే రెండు వైపులా కలిపి బొమ్మ వస్తోందో లేదో చూసుకోండి. మూలల్లో గట్టిగా మడిస్తే లోపలి ఫైబర్ విరుగుతుంది.

'నో సిగ్నల్' గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ముందు ప్రొజెక్టర్ ఆన్ చేసి, బొమ్మ వెలిగాక స్టిక్ ఆన్ చేస్తే చాలాసార్లు దారికొస్తుంది. ల్యాప్‌టాప్ అయితే విండోస్ కీతో పాటు పి నొక్కి డూప్లికేట్ ఎంచుకోవాలి. తెరంతా గులాబీ రంగులోకి తిరిగితే వైరు రెండు కొసలూ పీకి మళ్లీ పెట్టండి.

నాకు బాగా ముఖ్యమనిపించేది నలుపు సంగతి. ఈ ప్రొజెక్టర్ కొన్నవాళ్లలో చాలామంది 'కాంట్రాస్ట్ లేదండీ, బొమ్మ వెలిసిపోయినట్టుంది' అంటారు. వాళ్లలో సగం మందికి సమస్య ఒకే ఒక్క సెట్టింగ్‌లో ఉంటుందని నా నమ్మకం. 0 నుంచి 255 దాకా ఉండే వెలుగు కొలతలో, సినిమా సిగ్నల్‌లో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. కంప్యూటర్‌లో అవి 0, 255. పంపేవాడు ఒక లెక్కలో పంపి, ప్రొజెక్టర్ ఇంకో లెక్కలో తీసుకుంటే రెండు రకాల అనర్థాలు. ఒకటి, నలుపంతా బూడిద రంగవుతుంది. రెండోది, రాత్రి సీన్లో మనుషుల జుట్టు, నల్ల చొక్కా, వెనక గోడ అన్నీ కలిసి ఒకే మసి ముద్దవుతాయి. ప్రొజెక్టర్‌లో కలర్ స్పేస్ అనో, హెచ్‌డీఎంఐ రేంజ్ అనో ఉండే చోట ఆటో తీసేసి ఫుల్ (0-255), లిమిటెడ్ (16-235) రెండూ మార్చి చూడండి. ల్యాప్‌టాప్‌కి ఒకటి, స్టిక్‌కి ఇంకొకటి సరిపోవచ్చు. మా దాంట్లో ఒక్కో ఇన్‌పుట్‌కి విడిగా గుర్తుపెట్టుకునే వీలుంది కాబట్టి ఒకసారి సరిచేస్తే అయిపోయింది. ఇది సరిపెట్టకుండా బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ ఎంత తిప్పినా ఉపయోగం లేదు.

వంకర బొమ్మని సరిచేసే కీస్టోన్ బటన్‌కి వీలైనంత దూరంగా ఉండండి. బొమ్మ పైన వెడల్పు, కింద సన్నం అయినప్పుడు అది క్షణంలో సరిచేసినట్టు కనిపిస్తుంది. కానీ అది చేసేది చిప్‌లో ఉన్న చుక్కల్లో కొన్నింటిని వాడకుండా వదిలేసి, మిగతావాటిలోకి బొమ్మను కుదించడం. సబ్‌టైటిల్ అక్షరాల అంచులు రంపపు పళ్లలా కనిపిస్తే కారణం అదే. స్టాండ్ స్క్రూలు వదులుచేసి ప్రొజెక్టర్‌ని తెరకి సూటిగా బిగించి కీస్టోన్ సున్నాలో పెట్టాక, 'కొత్త లెన్స్ వేశారా' అని మా తమ్ముడు అడిగాడు.

ఇక ఇంటి గాలి. మాది సముద్రం పక్క ఊరు, వంటింటికి హాలుకి మధ్య తలుపు లేదు. పోపు పొగ, అగరబత్తి, దోమల కాయిల్, ఏడాదంతా తేమ. మూడో ఏడు వచ్చేసరికి బొమ్మలో వెలుగున్న చోట్ల చుట్టూ పాలపొరలాంటి మసక కమ్మింది. తెల్ల అక్షరాలకి వలయం వచ్చేది. ఆరిపోయి ఉన్నప్పుడు లెన్స్ మీదకి పక్క నుంచి టార్చి వేసి చూస్తే విషయం తెలిసింది. సన్నటి జిడ్డు పొర, దాని మీద అంటుకున్న ధూళి. ముందు గాలి బ్లోయర్‌తో దుమ్ము ఊది, తర్వాత కెమెరా లెన్సుల ద్రావకం మైక్రోఫైబర్ గుడ్డ మీద చుక్క వేసి (లెన్స్ మీద కాదు) మధ్య నుంచి బయటికి సున్నితంగా తుడవాలి. దుమ్ము ఊదకుండా తుడిస్తే గీతలు పడతాయి. పంచె కొంగు, టిష్యూ పేపర్ పనికిరావు. గాలి లోపలికి పీల్చుకునే జాలీ దగ్గర కూడా నూగు పేరుకుపోతుంది. అది మూసుకుపోతే వేడెక్కి ఎర్ర లైటు వెలిగి ప్రొజెక్టర్ తనే ఆగిపోతుంది. నెలకోసారి పెయింట్ బ్రష్‌తో దులిపితే చాలు. ఏసీ చల్లదనం నేరుగా తగిలే చోట పెట్టకండి, వానాకాలంలో లెన్స్ మీద చెమ్మ పడుతుంది.

సౌండ్ విషయానికొస్తే, లోపలి స్పీకర్ మీద ఆశ పెట్టుకోవద్దు. డైలాగ్ వినిపిస్తుంది, అంతే. బయట ఆంప్లిఫయర్ పెట్టుకున్నాక వచ్చే తిప్పలు మూడు.

మొదటిది, బొమ్మ ఉండి సౌండ్ అసలు రాకపోవడం. కొన్ని యాప్‌లలో వస్తుంది, కొన్నింట్లో రాదు. స్టిక్ డాల్బీ (కుదించి పంపే) సౌండ్‌ని విప్పకుండా అలాగే పంపుతుంటే ప్రొజెక్టర్‌కి దాన్ని విప్పడం చేతకాదు. స్టిక్ ఆడియో సెట్టింగుల్లో పీసీఎం (విప్పేసిన మామూలు సౌండ్) లేదా స్టీరియో పెడితే వచ్చేస్తుంది. కొత్తగా కొన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే.

రెండోది, మూతికీ మాటకీ పొంతన కుదరకపోవడం. మా అత్తయ్య ఒకరోజు సినిమా మధ్యలో, "మూతి కదలకుండానే మాట వచ్చేస్తుందేంటి బాబూ?" అన్నారు. నేను అంతవరకూ గమనించలేదు, ఆవిడ చెప్పాక ఇక అదే కనిపించింది. ప్రొజెక్టర్ ప్రతి ఫ్రేముని లోపల సానపట్టి తెర మీద వేయడానికి కొంత సమయం తీసుకుంటుంది. సౌండ్ మాత్రం ఆగకుండా జాక్ గుండా ఆంప్లిఫయర్‌కి ముందే వెళ్లిపోతుంది. మాట ముందొచ్చేయడం మన మెదడు అస్సలు ఒప్పుకోదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్క ప్రకారం సౌండ్ ముందుంటే 45 మిల్లీ సెకన్లకే తేడా తెలుస్తుంది, వెనకబడితే 125 దాకా తెలియదు. లోకంలో ఎప్పుడూ వెలుగే ముందు, ధ్వని తర్వాత కదా, అలవాటు అలా పడింది. ప్రొజెక్టర్‌లో మధ్య ఫ్రేములు కల్పించే ఆప్షన్ ఆపగానే తేడా బాగా తగ్గింది. మిగిలింది ఆంప్లిఫయర్‌లో ఆడియో డిలే పెంచి సరిచేశాం. ఆ ఆప్షన్ ఆపితే సినిమా కూడా సీరియల్‌లా కనిపించకుండా సినిమాలా ఉంటుంది. క్రికెట్‌కి మాత్రం మళ్లీ ఆన్ చేస్తాను, బంతి వెంట తోక తగ్గుతుంది. బ్లూటూత్ స్పీకర్ వాడేవాళ్లకి సమస్య తిరగబడి ఉంటుంది: బొమ్మ ముందు, మాట వెనక. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్ అయితే జె, కె కీలతో సౌండ్‌ని 50 మిల్లీ సెకన్ల చొప్పున ముందుకీ వెనక్కీ జరపొచ్చు. స్టిక్‌తో చూసేవాళ్లకి నా సలహా వైరే. బ్లూటూత్‌ని సినిమాకి నేను ఒప్పుకోను.

మూడోది గుయ్‌మనే హమ్. దీని మీద ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఇందులో ప్రాణాపాయం ఉంది. స్పీకర్లో ఆగకుండా సన్నని గుయ్ శబ్దం. వాల్యూమ్ తగ్గించినా అది తగ్గదు. ఒక్కో వైరు పీకుతూ వచ్చాం. కేబుల్ టీవీ వైరు సెట్‌టాప్ బాక్స్ నుంచి తీయగానే గుయ్ సగం తగ్గింది. మిగతా సగం అలాగే ఉంది. హెచ్‌డీఎంఐ లోహపు అంచు మీద వేలి వెనక భాగం తగిలితే జివ్వుమనేది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే మీటరు పెట్టి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజి చూశాడు. రెండు మూడు వోల్టులు దాటకూడని చోట చాలా ఎక్కువ ఉంది. "ఎర్త్ వైరుందండి బాబూ, ఎర్తే లేదు" అన్నాడు. పెరట్లో ఎర్త్ గుంత ఎండిపోయి, రాడ్ దగ్గర కనెక్షన్ తుప్పు పట్టింది. కొత్త క్లాంపు వేసి గుంతలో నీళ్లు పోయించాక జివ్వుమనడం పోయింది. ప్రొజెక్టర్, ఆంప్లిఫయర్, స్టిక్ అన్నీ ఒకే సాకెట్ బోర్డు మీదకి తెచ్చాక, ఆంప్లిఫయర్‌కి వెళ్లే ఆడియో వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ (ఎర్త్ వైర్ల గుండా చుట్టూ తిరిగే కరెంటు సౌండ్‌లోకి రాకుండా ఆపే చిన్న డబ్బా) పెట్టాక గుయ్ శబ్దం కూడా పోయింది. హమ్ పోవాలని ప్లగ్గులో మూడో పిన్ను విరగ్గొట్టడం, రెండు పిన్నుల అడాప్టర్ తగిలించడం చాలా ఇళ్లల్లో చూస్తున్నాను. దయచేసి ఆ పని చేయకండి. శబ్దం పోతుందేమో కానీ, లోపల లీకేజీ ఉన్నరోజు ఆ కరెంటు పోవడానికి మిగిలే దారి మీ ఒళ్లే.

కరెంటు గురించే ఇంకొకటి. లోపలి పాదరసపు ల్యాంపు విపరీతమైన వేడితో, ఒత్తిడితో వెలుగుతుంది. ఆపిన తర్వాత ఫ్యాన్ తిరిగి చల్లబరచాలి. సినిమా మధ్యలో కరెంటు పోతే ఫ్యాన్ కూడా ఆగుతుంది, వేడి లోపలే ఉండిపోతుంది. వెంటనే మళ్లీ ఆన్ చేసినా వెలగదు, చల్లారేదాకా ఆగాల్సిందే. అందుకని ఒక యూపీఎస్ పెట్టాను. కరెంటు పోగానే పవర్ బటన్‌తో పద్ధతిగా ఆపి, ఫ్యాన్ ఆగేదాకా ఉంచడానికే అది. ఇన్వర్టర్ మీద నడపాలంటే సైన్ వేవ్‌ది (మామూలు లైన్ కరెంటులాంటి అల ఇచ్చేది) అయి ఉండాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద స్పీకర్లు గోల పెడతాయి. ల్యాంపు గంటలు పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. డబ్బా మీద రాసే ఆయుష్షు అంటేనే వెలుగు సగానికి పడిపోయే గంటల లెక్క. నాలుగో ఏట ఎకో మోడ్‌లో (ల్యాంపు వెలుగు తగ్గించి నడిపేది) బొమ్మ సన్నగా అదరడం మొదలైంది. ఫుల్ మోడ్‌కి మారిస్తే కొన్నాళ్లు నిలబడింది, ఆ తర్వాత మార్చక తప్పలేదు. మార్చేటప్పుడు గాజుని వట్టి వేళ్లతో తాకకూడదు, మార్చాక మెనూలో ల్యాంపు గంటలు సున్నా చేయాలి. ఇప్పుడైతే ల్యాంపు బదులు లేజర్‌తో వెలిగే ప్రొజెక్టర్లు 20,000 గంటల లెక్కతో వస్తున్నాయి. నేను మళ్లీ కొంటే అదే కొంటాను.

ప్రస్తుతం మిగిలిన సమస్య తెర కుడి పైమూలన కదలని తెల్ల చుక్కలు. అప్పట్లో వైరు వల్ల వచ్చినవి ఎగిరెగిరి పడేవి, ఇవి ఎక్కడున్నవి అక్కడే. మెనూని జరిపి ఆ మూలకి తెస్తే దాని మీద కూడా కనిపిస్తున్నాయి. ఇది చిప్ లోపమే. డీఎల్‌పీ చిప్‌ని 1987లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ల్యారీ హార్న్‌బెక్ కనిపెట్టారు. మా దాంట్లో 20,73,600 చిట్టి అద్దాలు ఉన్నాయి, ఒక్కో చుక్కకి ఒకటి. వెలుగు కావాలంటే ఇటు, వద్దంటే అటు వాలుతుంటాయి. ఏళ్ల తరబడి వేడికి కొన్ని ఒకవైపే బిగుసుకుపోతాయి. స్కోప్ (మరీ వెడల్పు బొమ్మ ఉండే) సినిమాల్లో పైన వచ్చే నల్ల పట్టీలో ఈ చుక్కలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. సెట్టింగులతో, రీసెట్‌తో ఇవి పోవు. మా సర్వీస్ మనిషి మొత్తం బోర్డు మారుస్తానన్నాడు, అక్కర్లేదు. చిప్ ఒక్కటే విడిగా దొరుకుతుంది, దాని నంబరు చిప్ మీదే ఉంటుంది. అది చూసి ధర కనుక్కోమన్నాను. ఈలోగా చుక్కలు త్వరగా పెరగకుండా మెనూలో హై ఆల్టిట్యూడ్ మోడ్ ఆన్ చేసి ఉంచాను. కొండ ప్రాంతాల కోసం పెట్టిన ఆప్షన్ అది, ఫ్యాన్ ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతుంది. నెమ్మదైన సీన్లలో ఫ్యాన్ చప్పుడు వినిపిస్తుంది, ఆంప్లిఫయర్ వాల్యూమ్ రెండు గీతలు పెంచుకుంటున్నాం.