మీదికొచ్చినవాణ్ని చంపితే పాపమా? మనువు మాట, బైబిల్ మాట

నర్సాపురం వైపు మా ఊరి కాలవగట్టు మీద రామాలయం, చర్చి రెండూ ఉన్నాయి. రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా ఉండే మా అన్నయ్య మీదికి కత్తితో ఒకడొస్తే, వాణ్ని చంపడం పాపమా?

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం తటపటాయించదు. చంపడానికి వచ్చేవాడు గురువైనా, బాలుడైనా, ముసలివాడైనా, చదువుకున్న బ్రాహ్మణుడైనా చంపేయవచ్చు, దోషం లేదంటుంది. అలాంటివాడే ఆతతాయి. కానీ గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు అదే మాట వాడి, ఈ ఆతతాయిలను చంపినా మనకు పాపమే అంటాడు. కృష్ణుడు ఒప్పుకోకపోయినా, ఆ వణుకు నాకు విలువైనదే.

బైబిల్లో మత్తయి సువార్త రెండో చెంప చూపమంటుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. నిర్గమకాండం 22వ అధ్యాయం చూడండి: రాత్రి కన్నం వేస్తూ దొరికిన దొంగ దెబ్బలకు చస్తే కొట్టినవాడిపై రక్తాపరాధం లేదు. పొద్దు పొడిచాక అయితే ఉంది! చీకట్లో వాడి చేతిలో ఏముందో తెలియదు, వెలుగులో కేకేస్తే నలుగురూ వస్తారు. నాకు అర్థమైన కారణం అదే. తన ప్రాణం కోసం మరొకరిని చంపడాన్ని తొలినాటి క్రైస్తవ పండితుడు అగస్టీన్ ఒప్పుకోలేదు. 13వ శతాబ్దంలో మరో క్రైస్తవ పండితుడు థామస్ అక్వినాస్ మాత్రం, ఉద్దేశం ప్రాణరక్షణే అయి, అవసరానికి మించి బలం వాడకపోతే తప్పు కాదన్నాడు.

హద్దు గీసింది కాబట్టి నేను నిర్గమకాండం వైపే మొగ్గుతాను. అన్నయ్యకీ అదే చెప్పాను: ముందు టార్చి వెయ్యి, గట్టిగా కేకెయ్యి.