స్లాప్ నేర్చుకోవడానికి బేస్ గిటార్ కొంటున్నారా? బెంగళూరులో నాకు జరిగింది చదివి డబ్బు కట్టండి

బెంగళూరులో బేస్ గిటార్ కొనబోతున్న మన తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. రెండు నెలల కిందట 24,000 పెట్టి కొన్న గిటార్ ఇప్పుడు మారతహళ్లిలో మా గదిలో కవర్‌లోంచి బయటికి తీయకుండా పడి ఉంది. షాపు పేరు రాయను, దయచేసి అడగొద్దు. ఎలా మోసపోయానో మాత్రం పూర్తిగా చెప్తాను.

స్లాప్ (బొటనవేలితో స్ట్రింగ్‌ని కొట్టి, మరో వేలితో లాగి వాయించే పద్ధతి) నేర్చుకోవాలి అనగానే ఐదు స్ట్రింగ్స్ గిటార్ ఒకటి చేతిలో పెట్టారు. "మేడమ్, స్లాప్‌కి యాక్టివ్ బేస్ ఉంటేనే కుదురుతుంది. పైగా మీ చేతులు చిన్నవి, స్ట్రింగ్స్ దగ్గరగా ఉంటే మీకే సులువు" అన్నారు. రెండు మాటలూ తప్పే. యాక్టివ్ అంటే లోపల 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ (శబ్దాన్ని పెంచి సర్దే చిన్న సర్క్యూట్) ఉంటుందని అర్థం. ఉంటే మంచిదే, లేకపోయినా స్లాప్ వస్తుంది. 1960ల్లో అమెరికాలో లారీ గ్రాహమ్ అనే బేస్ వాద్యకారుడు వాళ్లమ్మతో కలిసి డ్రమ్మర్ లేకుండా వాయించాల్సి వచ్చి, బొటనవేలి దెబ్బతో బేస్ డ్రమ్ లోటు, వేలితో లాగి స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్) లోటు తీర్చుకున్నాడు. బేస్ గిటార్ మీద స్లాప్ పుట్టింది అక్కడే. ఆ రోజుల్లో ఫెండర్ కంపెనీ జాజ్ బేస్ మోడల్‌లో బ్యాటరీ అనేదే లేదు.

ఇక స్ట్రింగ్స్ మధ్య దూరం. లాగాలంటే చూపుడువేలు స్ట్రింగ్ కిందికి దూరాలి. జాజ్ బేస్ లాంటి నాలుగు స్ట్రింగ్స్ గిటార్లలో బ్రిడ్జ్ (బాడీ మీద స్ట్రింగ్స్ ఆనే చోటు) దగ్గర ఈ దూరం సుమారు 19 మిల్లీమీటర్లు. నాకు అంటగట్టినదాంట్లో 16.5. తేడా రెండున్నర మిల్లీమీటర్లే, కానీ జి స్ట్రింగ్ లాగబోతే ప్రతిసారీ పక్కనున్న డి స్ట్రింగ్‌కి వేలు తగులుతోంది. చేతులు చిన్నవైనా పెద్దవైనా వేలు దూరే చోటు కావాలి కదా.

ఇది అలవాటు చేసుకోవచ్చు. అసలు దెబ్బ నెక్ (చేత్తో పట్టుకుని నోట్లు నొక్కే పొడవాటి చెక్క భాగం) దగ్గర తగిలింది. షాపులో కుర్రాడు వాయించినప్పుడు అద్భుతంగా మోగింది. ఇప్పుడు తలుచుకుంటే, అతను ఏడో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దాటి పైకి ఒక్కసారి కూడా పోలేదు. ఇంటికొచ్చి చూస్తే స్ట్రింగ్స్ ఫ్రెట్లకి చాలా ఎత్తులో ఉన్నాయి, పన్నెండో ఫ్రెట్ దగ్గర దాదాపు 4 మిల్లీమీటర్లు. స్లాప్‌లో బొటనవేలు కొట్టేది నెక్ బాడీని కలిసే చివర. స్ట్రింగ్ వెళ్లి చివరి ఫ్రెట్లకి తగిలితేనే ఆ లోహపు మోత వస్తుంది. అంత ఎత్తులో ఉంటే ఎంత గట్టిగా కొట్టినా మొద్దు శబ్దమే. సరే అని దించితే పద్నాలుగో ఫ్రెట్ నుంచి పైకి నోట్లన్నీ గొంతు నొక్కినట్టు ఆగిపోయాయి.

ఫ్రేజర్ టౌన్ వైపు గిటార్లు బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయనది మదనపల్లె. ఒంటికన్నుతో నెక్ వెంబడి చూసి, "చివర చెక్క పైకి లేచిందమ్మా. అది తెలియకూడదనే స్ట్రింగ్స్ ఎత్తిపెట్టి అమ్మారు" అన్నారు. దీన్ని స్కీ జంప్ అంటారట. నెక్ లోపలుండే లోహపు కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ని తిప్పితే నెక్ మధ్య వంపు సర్దుకుంటుందిగానీ బాడీకి అతుక్కున్న చివరి భాగం కదలదు. ఫ్రెట్లు పీకి, చెక్క చదును చేసి, మళ్లీ వేయాలి. 9,000 అవుతుందన్నారు.

వెనక్కి ఇవ్వబోతే, ఏడు రోజుల్లో మారుస్తామని నోటితో చెప్పిన మనిషే "మీరు స్ట్రింగ్స్ దించారు కదా" అన్నాడు. బిల్లు మీద "గిటార్ 1" అని తప్ప మోడల్ లేదు, సీరియల్ నంబర్ లేదు. ఆ రెండూ రాయించుకోకుండా డబ్బు ఇవ్వకండి.

కొనేటప్పుడు ఒక స్టీలు స్కేలు జేబులో వేసుకుని వెళ్లండి. ముందు మీ ఎదుటే పన్నెండో ఫ్రెట్ దగ్గర ఎత్తు 2 మిల్లీమీటర్ల దాకా దించమనండి. దించం అంటే ఆ గిటార్ అక్కడే వదిలేయండి. దించాక యాంప్ ఆపించి, ప్రతి స్ట్రింగూ ప్రతి ఫ్రెట్ మీదా, చివరిదాకా, మీ వేలితోనే వాయించండి. యాంప్ మోతలో ఈ లోపాలు వినపడవు. నాకు అదే జరిగింది. తర్వాత హెడ్ (స్ట్రింగ్స్ బిగించే చివర) వైపు నుంచి నెక్ అంచులు రెండూ చూడండి. ఒకటి మెలి తిరిగినట్టు ఉంటే మామూలు ట్రస్ రాడ్ దాన్ని సరిచేయదు. స్ట్రింగ్స్ రౌండ్‌వౌండ్‌వే (గుండ్రటి తీగ చుట్టినవే) ఉండాలి, ఫ్లాట్‌వౌండ్ (చదును తీగ చుట్టినవి) మీద స్లాప్ మెరుపు రాదు. ఇది మాత్రం తర్వాతైనా మార్చుకోవచ్చు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఏమైనా తేలితే ఇక్కడే రాస్తాను. ఈ శని, ఆదివారాల్లో ఎవరైనా గిటార్ చూడ్డానికి వెళ్తుంటే చెప్పండి, స్కేలు పట్టుకుని నేనూ వస్తాను.